మందు రాలేదు

అబద్ధం ఒక్కటైనా లేని మాటతో మనిషిని మోసం చేయవచ్చునా?

తాలూకా ఊరినుండి తిరిగి వస్తున్న బస్సులో, కిటికీ పక్కన కూర్చొని, నేత్రావతి ఈ ప్రశ్న తనకు తానే వేసుకొన్నది. చేయలేమనే మొదట అనిపించింది. మోసానికి అబద్ధం కావాలి కదా. కాని బస్సు చెక్‌పోస్టు దాటి అడవిలోకి దిగి, రోడ్డుకు రెండువైపులా ఎండుటాకులు కుప్పలుగా కనబడడం మొదలైన తరువాత ఆ జవాబు నిలవలేదు. ఒడిలోని సంచిలో నూనె సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. సంచిని గట్టిగా పొదివి పట్టుకొన్నది. చప్పుడు ఆగలేదు. 

ఉదయం ఆసుపత్రి మేడమీది గదిలో ఆమెతోపాటు చుట్టుపక్కల ఊళ్ల ఆశా కార్యకర్తలందరినీ కూర్చోబెట్టి, పైనుండి వచ్చిన కొత్త ఉత్తర్వును డాక్టరమ్మ వివరించింది. కోతిజ్వరానికి ఇన్నేళ్లుగా వేస్తున్న సూదిమందును ఆపివేశారు. కాపాడుతుందనుకొన్నంతగా అది కాపాడడం లేదని తేలింది. మరో మందుకోసం ప్రయత్నం సాగుతున్నది. అది ఎప్పటికి చేతికందుతుందో ఎవరూ చెప్పలేరు. అంతవరకు అడవికి వెళ్లేవాళ్లు ఒంటికి నూనె రాసుకోవాలి, చేతులూ కాళ్లూ కప్పే బట్టలు వేసుకోవాలి. తిరిగి రాగానే వేన్నీళ్లు పోసుకొని, ఆ జ్వరాన్ని అంటించే గోమార్లు పట్టాయేమో ఒళ్లంతా వెతుక్కోవాలి. చచ్చిన కోతి కనబడితే దగ్గరకు పోకుండా కబురు చేయాలి. ఇదంతా ఆమె బోర్డుమీద గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ తరువాత సుద్దముక్క కిందపెట్టి, వేళ్లు తుడుచుకొని, గొంతు తగ్గించింది.

"ఊళ్లో మాత్రం సూది పనికిరాదని చాటింపు వెయ్యకండి. ఆ మాటంటే రేపు పసిపిల్లల సూదులకు కూడా ఒక్క తల్లీ రాదు. మందు రాలేదని చెప్పండి, చాలు. అందులో అబద్ధం లేదుగా."

అలా అన్న మనిషిలో చెడుతనం లేదు. చిన్నపిల్ల. కళ్లకింద నిద్రలేని చారలు. భయపడుతున్నవాళ్లు మరొకరికి భయపడవద్దని చెప్పే తీరులోనే చెప్పింది. గదిలోని ఆడవాళ్లందరూ తేలికగా ఊపిరి పీల్చుకొన్నారు. నేత్రావతి కూడా పీల్చుకొన్నది. ఆ ఊరటే ఇప్పుడు ఆమెను భయపెడుతున్నది.

ఎందుకంటే తన ఊరు కానుగోడులో ఆ సూదిని గడపగడపకూ చేర్చింది ఆమే. అది మామూలు సూది కాదు. పొడిచినచోట నిప్పు పెట్టినట్లు మండి, చెయ్యి పైకి లేవనివ్వదు. ఒకసారి పొడిపించుకొన్నవాళ్లు రెండోసారికి పోకతోటల్లో దాక్కొనేవారు. బడి అరుగుమీద అందరికంటే ముందు తన చెయ్యి చాపి, ఆ తరువాత ఒక్కొక్కరి చేతినీ తన చేతిలోకి తీసుకొని, నొప్పెట్టినంత గట్టిగా నా చెయ్యి నొక్కు అంటూ ఊరంతటికీ పొడిపించింది. ముసలి గుత్యమ్మ నొక్కిన నొక్కుకు ఆమె గాజులు రెండు చిట్లాయి. ఆ సంగతి ఇప్పటికీ ఊళ్లో చెప్పుకొని నవ్వుకొంటారు.

*

ఇంటికి వచ్చేసరికి తోటికోడలు వనజ అడవినుండి అప్పుడే దిగుతున్నది. తలమీద మనిషిని మింగేటంత వెదురుబుట్ట; దాన్నిండా కూరి తొక్కిన ఎండుటాకు. బుట్ట కింద ముఖం కనబడదు, రెండు కాళ్లే నడిచి వస్తున్నట్లుంటుంది. కొట్టం ముందు మెడ ఒక్క విదిలింపు విదిలించి బుట్టను బోర్లించింది. ఆకు జారి గుట్టపడింది. పాదాలతో తోసి ఆవుల కింద సమంగా పరిచింది. పేడా పంచితమూ పడి, గిట్టలకింద నలిగి, అదే రేపు హెగడేగారి పోకతోటకు ఎరువు. ఆ తోటకు చెందిన బెట్టలో, అంటే ఆ అడవిముక్కలో, రాలిన ఆకంతా ఆ తోటదే. దాన్ని చీపురుతో ఊడ్చి, మోసి తెచ్చే కూలి వనజలాంటివాళ్లది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే చూరు, పొయ్యిలు రెండు. నేత్రావతి భర్త దూరాన బియ్యపు మరలో పని చేస్తాడు, వారానికొకసారి వస్తాడు. అందుచేత ఆమెకు మాటకూ మంచికీ వనజే దిక్కు.

"నూనె తెచ్చాను. రేపటినుంచి రాసుకుని వెళ్లు," అని సీసా అందించింది.

వనజ మూత తీసి వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకొన్నది. "అబ్బ! ఇది రాసుకుంటే గోమార్లేం ఖర్మ, మీ మరిది కూడా నా చాయలకు రాడక్కా." జాకెట్టు వెనకనుంచి ఆకుముక్కలు దులుపుకొంటూ నవ్వింది. "కిందటేడు రాసుకుని పాలు పిండబోతే కౌలి ఒక్క తాపు తన్నింది. చెంబు ఎక్కడ పడిందో రెండోపూట దాకా దొరకలేదు. ఆవుకి పడదు, నాకూ పడదు. అయినా నాకెందుకీ కంపు? సూదులు పడ్డాయిగా. నువ్వేగా చెయ్యి పట్టుకుని పొడిపించావు."

వనజ మెడమీద ఒక ఎండుటాకు ఈనె అంటుకొని ఉన్నది. నేత్రావతి దాన్ని తీసివేసింది.

"ఇంతకీ ఈ ఏడు మందు ఎప్పుడొస్తుందట?"

"ఇంకా రాలేదు," అన్నది నేత్రావతి.

ఆ మాట ఎంత తేలికగా వచ్చిందో తలచుకొని ఆమె తన నోటిని తాను చెయ్యి పెట్టి తడుముకొన్నది. వనజ అదేమీ గమనించలేదు. వచ్చినప్పుడే చూద్దాంలే, ఉన్న సూదులు చాలునంటూ సీసాను కొట్టం దూలంమీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పోయింది. ఆ దూలంమీద కిందటేటి సీసా కూడా ఉన్నది. మూత తీయకుండానే దుమ్ము పట్టింది.

*

తరువాత ఆమె ఊరంతా తిరిగింది. కానుగోడులో ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండవు. ఒక్కొక్క లోయలో ఒకటీ రెండూ. ప్రతి ఇంట్లో సీసా ఇచ్చింది, ప్రతి ఇంట్లో అదే ప్రశ్న విన్నది, అదే జవాబు చెప్పింది. ఆ జవాబు విన్నవాళ్ల ముఖాల్లో నిశ్చింత చూసింది. రావలసినది ఏదో ఆలస్యమైంది, అంతే. ఉన్నది ఎక్కడికీ పోలేదు అనుకొనేవాళ్ల నిశ్చింత. ఒక మాటకు వెనుక మరో మాట దాగి ఉంటే, ముందున్న మాట ఎంత నిజమైనా అది తలుపులాంటిదే అని ఆమెకు తోచింది. తలుపు అబద్ధమాడదు. మూసి ఉంటుంది.

ఒకనాటి మధ్యాహ్నం వాగు దగ్గర మగవాళ్లు కొందరు స్నానాలు చేస్తుండగా ఆమె చూసింది. పనివేళ. తడి తువ్వాళ్లతో, నుదుట పసుపుతో, ఒకరితో ఒకరు మాట్లాడకుండా గట్టెక్కి వస్తున్నారు. వాళ్లలో మరిది చౌడప్ప కూడా ఉన్నాడు. ఆమెను చూసి తల వంచుకొన్నాడు. కానుగోడులో మగవాళ్లు అలా నడిచేది శవాన్ని సాగనంపి వచ్చేటప్పుడే. ఎవరు పోయారు? మంచంపట్టిన ముసలివాళ్లను ఒక్కొక్కరినే తలచుకొంటూ ఆమె హెగడేగారి వాకిలికి పరుగులాంటి నడకతో వచ్చింది.

వాకిట్లో ఆడవాళ్లు వరుసగా కత్తిపీటల ముందు కూర్చొని పోకకాయలు వలుస్తున్నారు. కాయను కత్తి అంచుకు నొక్కి తిప్పితే తొక్క రెండు పాయలై విడిపోయి, గింజ బుట్టలో పడుతుంది. చేతులు ఆగవు, నోళ్లూ ఆగవు. ఆమెను చూడగానే నోళ్లు ఆగాయి.

"ఎవరు పోయారవ్వా?" అని గుత్యమ్మను అడిగింది.

గుత్యమ్మ కాయ వలుస్తూనే, "మన ముసువయ్య," అన్నది.

నల్లమూతి కొండముచ్చును అక్కడ అలాగే పిలుస్తారు. అది ఆంజనేయుడి కులం. చస్తే కుక్కలకూ గద్దలకూ వదలరు. బెట్టలో మత్తిచెట్టు కింద పడి ఉండగా ఆకు ఊడ్చే ఆడవాళ్లే చూశారట. చాపమీద వేసి, కొత్త తుండుగుడ్డ కప్పి, చౌడప్ప భుజాన మోసుకొచ్చాడట. టెంకాయ కొట్టి, పాలు పోసి, గోతిలో కూర్చోబెట్టి పూడ్చారట. గుత్యమ్మ చెప్పిచెప్పి చివరకు, "మా ఆయన పోయినప్పుడు కూడా ఇంత బాగా చెయ్యలేదమ్మా. టెంకాయకు దిక్కులేదు," అన్నది. అందరూ నవ్వారు.

కోతి చచ్చినచోట గోమార్లు దాన్ని విడిచి నేలమీదికి, ఆకులోకి దిగుతాయి. నువ్వుగింజ కంటే చిన్నవి. వాటికి ఇక కావలసింది మరో వెచ్చని ఒళ్లు.

లోపలినుండి సుబ్రాయ హెగడే వచ్చి అరుగుమీద కూర్చొన్నాడు. ఆయన ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడడు. కబురు చేయవద్దని ఆమెను ఆజ్ఞాపించలేదు, అడిగాడు. ఆసుపత్రివాళ్లు వస్తే పొడి చల్లుతారు, తాడు కడతారు, వానలు పడేదాకా బెట్టలో కాలుపెట్టనివ్వరు. ఆకు లేకపోతే ఎండకు తోట వేళ్లు మాడిపోతాయి. ఇదిగో, వీళ్ల కూలీ మాడిపోతుంది. నీకు తెలియనిది కాదు కదా. ఇలా నెమ్మదిగా చెప్పుకొంటూ వచ్చి, చివరకు అన్నాడు:

"అయినా ఊరందరికీ దగ్గరుండి సూది వేయించావు కదమ్మా. ఇంకా భయమెందుకు?"

కత్తిపీటల వరుసలో తలలన్నీ ఊగాయి. ఎవరో మోచేయి పైకెత్తి సూదిమచ్చ చూపించారు. అందరి ధైర్యానికీ మూలం ఆమె. ఆమెకు తప్ప అక్కడ ఎవరికీ భయం లేదు.

ఆమె నోరు తెరిచింది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? నీళ్లు పొడిచావా మాకు అంటారు. నూనె సీసాలు వాగులో పారవేస్తారు. రేపు బాలింత ఇంటికి వెళితే తలుపు తీయరు. ఉద్యోగం పోతుంది. "నూనె మాత్రం రాసుకోండి," అని, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చివేసింది.

ఇంటికి రాగానే బచ్చలింట్లో, అంటే స్నానాల గదిలో, రాగిహండా కింద పోకతొక్క ఎగదోసి నీళ్లు కాచింది. మరిదిని మళ్లీ స్నానం చేయమన్నది. వాగులో చేశాను కదా వదినా అంటే, మళ్లీ చెయ్యమన్నది. అతని పంచె, వనజ చీర, రెండూ కాగుతున్న నీళ్లలో ముంచింది. వనజను దీపం ఎదుట నిలబెట్టి, జుట్టు పాయలు తీసి, చెవుల వెనుక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో వెతికింది. వనజ చక్కిలిగిలికి మెలికలు తిరిగింది. పెళ్లిచూపుల్లో కూడా నన్నింత చూడలేదని ఎగతాళి చేసింది.

చీర కుచ్చిళ్లు బిగించే చోట, నడుముమీద, గోమారి కనబడింది. పుట్టుమచ్చ అనుకోదగినంత. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని మెల్లగా లాగింది. కాళ్లు ఆడిస్తున్నది. మరిగే నీళ్లలో వేసింది.

"ఇవాళ ఎక్కడ ఊడ్చావు?"

"మత్తిచెట్టు కిందే. అక్కడ ఆకు మెత్త పరిచినట్లుంది. ఎవరూ రాకముందే రేపు కూడా అక్కడికే పోవాలి."

"రేపు వద్దు."

"ఎందుకూ?"

నేత్రావతి పట్టకారును కొంగుతో తుడిచింది. తుడిచినదాన్నే మళ్లీ తుడిచింది. ఎందుకన్నదానికి ఒకే ఒక జవాబు ఉన్నది. అది ఆమె పళ్ల వెనుకనే ఉన్నది. "ఒళ్లు నలిగిపోయింది నీకు. ఒక్కపూట ఆగు," అన్నది.

వనజ నవ్వి, చీర కట్టుకొని, పొయ్యి దగ్గరకు పోయింది. మరునాడు తెల్లవారేసరికి బుట్ట చూరుకింద లేదు.

*

ఆ తరువాతి రోజుల్లో నేత్రావతి ఏదో ఒక నెపంమీద వనజ నుదురు ముట్టుకొంటూ ఉండేది. బొట్టు సరిచేస్తున్నట్లు, వెంట్రుక తీస్తున్నట్లు. చల్లగా ఉంటే పూటకు సరిపడా ఊపిరి దొరికేది. తెల్లవారగానే పెరటి పనసమీద కొండముచ్చులు దూకే చప్పుడుకోసం చెవి ఒగ్గేది. ఇన్నాళ్లూ కాయలు పాడు చేస్తున్నాయని రాళ్లు విసిరిన మనిషే ఇప్పుడు అవి రాకపోతే వణికిపోయేది. రెండు దినాలుగా అవి రాలేదు. అడవి తన పని మానుకొని వింటున్నట్లు ఊరకున్నది.

కబురు చేయవలసిన నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ఫోను చేతిలోకి తీసుకొని, మళ్లీ కొంగున కట్టుకొనేది. చేస్తే వాళ్లు వస్తారు. చెప్పింది ఎవరో ఊరికి తెలుస్తుంది. సూదులుండగా ఎందుకు చెప్పావని ఊరు అడుగుతుంది. ఏ దారిన పోయినా ఆ ఒక్క మాట దగ్గరకే వచ్చి ఆగుతున్నది. దాచిన మాట ఒక్కటే కదా అనుకొన్నది. ఇప్పుడు దానికి కాపలాగా ఎన్ని మౌనాలు నిలబెట్టవలసి వస్తున్నదో చూసి బెదిరింది. తాను దేనికి భయపడుతున్నది, వనజకు జ్వరం వస్తుందనా, వస్తే తన మాట బయటపడుతుందనా? ఈ రెండు భయాలనూ విడదీసి చూడడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఒక ఉదయం కౌలి అరుపుకు మెలకువ వచ్చింది. పొదుగు నిండి, పిండేవాళ్లు లేక అరుస్తున్నది. నేత్రావతి ఉన్నపళాన లేచి పరుగెత్తింది. వనజ చాపమీద ముడుచుకొని పడుకొని ఉన్నది. నుదురు ముట్టుకోనక్కరలేదు; దగ్గరకు రాగానే సెగ తగిలింది. కళ్లు తెరిచింది. తెల్లగుడ్లు ఎర్రజీరలతో నిండి ఉన్నాయి.

"తల పగిలిపోతోందక్కా. నడుం ఎవరో విరగ్గొట్టినట్లుంది." కొంచెం ఆగి, "కౌలికి పాలు పిండు. నీ నూనె కంపు లేదుగా నీకు, తన్నదులే," అన్నది.

గంజి తాగించబోతే వాంతి చేసుకొన్నది. చిగుళ్లు చూసింది నేత్రావతి. ఇంకా రక్తం లేదు. చౌడప్ప ఆటో తెచ్చాడు. దారంతా వనజ తల ఆమె ఒడిలో ఉన్నది. గతుకు గతుకుకూ మూలుగుతున్నది. చౌడప్ప ముందు కూర్చొని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆసుపత్రిలో వెంటనే మంచం ఇచ్చారు. నర్సు చేయి బిగించి రక్తం తీసింది. జిల్లా ఊరికి పంపి పరీక్షించాలి. ఫలితం రేపో ఎల్లుండో. ఈ జ్వరానికి విరుగుడు మందంటూ లేదు. సెలైను పెట్టి, రక్తస్రావం కాకుండా కనిపెట్టి ఉండాలి. తొందరగా తీసుకురావడం మంచిదయింది. ఇవన్నీ చెబుతూనే ఆమె అడగవలసినవి అడిగింది. అడవికి వెళ్లిందా? వెళ్లింది. గోమారి కుట్టిందా? కుట్టిందని నేత్రావతి చెప్పింది. మీ వైపు కోతి ఏమైనా చచ్చిందా?

చౌడప్ప నేలవైపు చూశాడు. "లేదు సిస్టర్," అన్నాడు. ఆ తరువాత నేత్రావతి వైపు చూశాడు. ఆమె కిటికీ చువ్వలను పట్టుకొన్నది. మాట్లాడలేదు.

వరండాలో బల్లమీద ఇద్దరూ కూర్చొన్నారు. ఎదుట గోడకు కొత్తగా అతికించిన పటం: నూనె రాసుకొంటున్న ఆడమనిషి, చచ్చిన కోతికి దూరంగా నిలబడి ఫోను చేస్తున్న మగమనిషి. చౌడప్ప దానివైపు చూస్తున్నాడో, దానిగుండా చూస్తున్నాడో తెలియదు.

"సూది పడిందిగా వదినా దానికి. అది అయ్యుండదుగా?"

అవునని తల ఊపితే చాలు. ఈ సాయంత్రానికి అతనికి కాస్త ఊరట. ఆ ఊరట ఎలాంటిదో ఆమెకు తెలుసు. మేడమీది గదిలో తాను పీల్చుకొన్న ఊపిరి లాంటిదే. లోపల వనజ దగ్గినట్లు వినబడింది.

"చౌడప్పా, ఆ సూది కాపాడదు." తన గొంతు తనకే కొత్తగా ఉన్నది. "మొన్నటి మీటింగులో చెప్పారు. ఇక దాన్ని వెయ్యరు. నాకు తెలుసు. తెలిసే మందు రాలేదని మీతో అన్నాను."

అతడు అరుస్తాడని ఎదురుచూసింది. కొడితే కొట్టనీ అని కూడా అనుకొన్నది. చౌడప్ప ఎడమచేతితో తన కుడిభుజాన్ని, చాప మోసిన భుజాన్ని, మెల్లగా తుడుచుకోసాగాడు. అక్కడ ఏదో అంటుకొని ఉన్నట్లు.

"ఇది తెలిసుంటే నేను వాణ్ణి భుజానేసుకునేవాణ్ణా?" అన్నాడు. ఆ చెయ్యి ఆగింది. "దాన్ని బెట్టకు పోనిచ్చేవాణ్ణా?"

అతడు జవాబుకోసం ఆగలేదు. లేచి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపలికి వెళ్లాడు. తెర వెనుకనుండి అతని మాట వినబడింది.

"సిస్టర్, ఇందాక లేదన్నాను. చచ్చింది. నేనే మోశాను." ఆ వెంట మత్తిచెట్టు, హెగడేగారి బెట్ట, పూడ్చిన చోటు, మోయడానికి వచ్చినవాళ్ల పేర్లు. ఏదీ మిగల్చకుండా, ఒళ్లు కడుక్కొన్నట్లు చెప్పాడు.

నేత్రావతి వరండాలో నిలబడి వింటున్నది. నిజం చెబితే నమ్మకం పోతుందని అందరూ భయపడ్డారు, తానూ భయపడింది. ఆ నమ్మకమే బుట్ట తీసుకొని మత్తిచెట్టు కిందకు నడిచింది. అదే కోతిని భుజానికెత్తుకొన్నది. పసిపిల్లల సూదులు మంచివని రేపు ఏ ముఖంతో చెప్పాలన్నా, ఈ సూది సంగతి ముందు చెప్పి తీరవలసిందే. ఊరు తిడితే తిట్టనీ, ఉద్యోగం పోతే పోనీ. భయం తగ్గలేదు. కాని రెండు భయాల్లో ఏది వనజదో, ఏది తనదో ఇప్పుడు ఆమెకు విడివిడిగా కనబడింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లు రెండో మోపుకు బెట్ట ఎక్కుతారు. తాడు కట్టేవాళ్లు వచ్చేసరికి ఆ మోపు తలకెక్కి ఉంటుంది. ఆమె వనజ పాదాలమీద దుప్పటి సరిచేసి, నేను పోయి వస్తానని మరిదికి చెప్పి, నిలబడి ఉన్న బస్సెక్కింది.

*

ఊరిముఖాన దిగి ఇంటికి పోలేదు. ఆసుపత్రిలో అడిగి తెచ్చిన నూనె సంచితో నేరుగా బెట్టదారికే నడిచింది. దారి మొదట్లో పశువులు దాటకుండా రెండు రాతికంబాల మధ్య మూడు అడ్డకర్రలు తోసి ఉంటాయి. వాటిని ఎవరో పక్కకు లాగి వదిలారు. ఒక్కొక్కటే కంబాల కన్నాల్లోకి తోసి బిగించింది. బిగించి, వాటి ముందు నిలబడింది. అంతలోనే కిందినుండి బుట్టలు కనబడ్డాయి. ముందు గుత్యమ్మ.

"ఏమే నేత్రా, దారికడ్డం నిలబడ్డావు? మందు వచ్చిందా ఏమిటి?"

"మందు రాలేదన్నాను కదవ్వా. అది సగం మాట." వెనుక కర్రకు ఆనుకొన్నది. "నా చెయ్యి నొక్కుకుని మీరు పొడిపించుకున్న సూది మనల్ని కాపాడదు. దాన్ని ఆపేశారు. వనజ ఆసుపత్రిలో ఉంది. ఆ జ్వరమేనేమోనని రక్తం పంపారు. ఈ బెట్టలోకి ఎవరూ పోకండి."

వెనుకనున్న యువతి ఒకతె ముందుకు వచ్చింది.

"అంటే మాకు నీళ్లు పొడిచావా?"

"మంచిదనుకునే పొడిపించాను. ముందు నేనే చెయ్యి చాపాను."

"కాదని ఎప్పుడు తెలిసింది?"

"మొన్న నూనె తెచ్చిన రోజు."

"ఆ రోజు మా ఇంటికొచ్చావు. మా అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగావు."

"తాగాను."

ఆ పిల్ల పక్కకు తిరిగి ఉమ్మింది. ఎవరో హెగడేగారికి ఏం చెప్పాలని గొణిగారు. ఎవరో కూలి నువ్వే ఇస్తావా అన్నారు. నేత్రావతి దేనికీ అడ్డు చెప్పలేదు. కర్రల ముందునుండి కదలనూ లేదు. గుత్యమ్మ మాత్రం ఇంకా ఆమె ముఖంలోకే చూస్తున్నది.

"మరి ఈ నూనె? ఇదన్నా పనిచేస్తుందా, రేపు దీనికీ ఇంకో మాట చెబుతావా?"

"కొంతవరకే అవ్వా. చెమట పడితే పోతుంది, మళ్లీ రాసుకోవాలి. కోతి చచ్చిన చోటికి ఏ నూనే చాలదు. రేపు ఇంకో మాట వస్తే, వచ్చిన రోజే చెబుతాను."

గుత్యమ్మ తలమీది బుట్ట దించింది. దాన్ని దారికి అడ్డంగా బోర్లించి, దానిమీద కూర్చొన్నది. క్షమించిన ముఖం కాదు. చేయి చాపింది.

"ఇటియ్యి ఆ సీసా. ఇంటి దాకా నడవాలిగా, ఈ ఆకుల్లో."

నేత్రావతి మూత తీసి ఆ ముడతల అరచేతిలో నూనె వంపింది. ఇంతలో మలుపు దిగువన మరికొన్ని బుట్టలు కనబడ్డాయి. నవ్వుకొంటూ వస్తున్నారు. ఏమిటక్కడ గుంపుగా ఆగారని ఎవరో కేక వేశారు.

ఆమె సీసా గుత్యమ్మకే వదిలి, అడ్డకర్రను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, వాళ్లకోసం మళ్లీ మొదటినుండి చెప్పడం మొదలుపెట్టింది.